తలకు దెబ్బ తగిలితే దాచొద్దు

పిల్లలూ,

సెలవులకు మీరంతా కడపకు వస్తున్నారంట. మిద్దె మీద గాలిపటాలు, సందులో క్రికెట్టు, నీళ్లు పడిన నాపబండల మీద పరుగులు... వద్దంటే వినే రకమా మీరు? అందుకే తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలో ముందే రాస్తున్నా. చానా ఏండ్లు నర్సుగా చేసినదాన్ని, అడక్కపోయినా చెప్తాను.

పడితే ముందు ఇంట్లో చెప్పండి. అమ్మ తిడుతుందని నోరు మూసుకుని, రాత్రికి వాంతులతో వార్డుకొచ్చిన పిల్లల్ని చూశాను. బొప్పి కట్టలేదు కదా అని ధైర్యం వద్దు. పెరుగుకుండను గట్టిగా కుదిపితే కుండకు పగులు రాదు, లోపల పెరుగే చెదురుతుంది. పుర్రెలో మెదడూ అంతే.

అన్నిటికన్నా మోసం చేసే దెబ్బ ఒకటుంది. పడినోడు కాసేపు స్పృహ తప్పుతాడు, లేచి "నాకేం కాలేదు" అని మళ్లీ ఆడుకుంటాడు. లోపల పుర్రెకూ మెదడు పైపొరకూ నడుమ రక్తనాళం తెగి ఉంటుంది. రక్తం చేరేకొద్దీ మెదడును నొక్కుతుంది. పుర్రె సాగదు కదా! కొన్ని గంటలకు తలనొప్పి, మగత మొదలవుతాయి. వేళకు సీటీ స్కాన్ తీసి ఆపరేషన్ చేస్తే చాలామంది కోలుకుంటారు. అందుకే దెబ్బ తగిలాక 24 గంటలు, కుదిరితే 48 గంటలు, ఎవరో ఒక పెద్దమనిషి పక్కనుండాలి.

కాసేపైనా స్పృహ తప్పినా, వాంతులు మళ్లీ మళ్లీ అయినా, తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, అడిగిందే అడుగుతున్నా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఒక కంటిపాప పెద్దదిగా కనబడినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాగా కారినా అంతే. 108కి ఫోన్ చేయండి, లేదా రిమ్స్ క్యాజువాల్టీకి పోండి. రెండేళ్లలోపు చంటిపిల్లలు పడితే బాగానే ఉన్నట్టున్నా డాక్టరుకు చూపించాలి. మీ జేజినాయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు. ఆయన తల తగిలినా ఆసుపత్రికే, "చిన్నదిలే" అన్నా వినొద్దు.

మిద్దె మీంచి పడినోణ్ణి లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించే అలవాటు మనవాళ్లకుంది. మెడకు దెబ్బ తగిలి ఉంటే అదే ప్రమాదం. కదిలించకుండా అంబులెన్సు కోసం చూడండి. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. పుర్రె లోపలికి నొక్కుకున్నట్టు కనిపిస్తే మాత్రం అదమొద్దు. కాఫీపొడి అద్దితే కుట్లు వేసే డాక్టరుకు అదంతా కడగడమే పని.

నిద్ర పోనీయకూడదంటారు గానీ, ఈ గుర్తులేవీ లేకుంటే పడుకోవచ్చు. లేపితే లేవకపోతేనో, లేచి మనుషుల్ని గుర్తుపట్టకపోతేనో టెన్షన్ పడాలి. నొప్పికి వయసుకు తగిన పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వేయొద్దు.

దెబ్బ తగిలిన రోజు బ్యాటు పట్టొద్దు. తలనొప్పి, తిరుగుడు పూర్తిగా పోయి, డాక్టరు సరే అన్నాకే మళ్లీ ఆట. మొదటి రెండు రోజులు ఫోను కూడా తక్కువ చూడాలి. ఇది అవ్వ కల్పించింది కాదు, కావాలంటే డాక్టరునే అడగండి.

మీ అవ్వ
కడప