కృష్ణబిలాల చక్రవడ్డీ లెక్క

కన్యారాశిలో 3సి 273 అనే చుక్క ఉంది. కంటికి ఆనదు కానీ, కాస్త మంచి టెలిస్కోపు ఉన్నవాళ్లు ఓపికగా వెతికితే దొరుకుతుంది. చూపుకు అదీ ఒక నక్షత్రమే. రేడియో తరంగాలు మాత్రం విపరీతంగా వెదజల్లుతుంది. 1962లో చంద్రుడు దానికి అడ్డం వచ్చినప్పుడు, ఆ తరంగాలు ఎప్పుడు ఆగాయో, ఎప్పుడు మళ్లీ మొదలయ్యాయో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు నమోదు చేసింది. దాంతో దాని చోటు కచ్చితంగా తేలింది. కాలిఫోర్నియాలోని పాలొమార్‌లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ స్మిట్ దాని వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ) తీశారు. అందులోని గీతలు ఏ మూలకానివో మొదట అంతుపట్టలేదు. 1963 ఫిబ్రవరిలో ఆయనకు తట్టింది: అవి అందరికీ తెలిసిన హైడ్రోజన్ గీతలే, 16 శాతం ఎరుపు వైపు జరిగాయి. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి గీతలు ఎంత జరిగితే అంత దూరం. ఆ లెక్కన ఆ చుక్క 200 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఉంది. అంత దూరాన ఉండి ఇంతగా వెలుగుతున్నదేమిటి?

మరుసటి ఏడాదే శాస్త్రవేత్తలు ఎడ్విన్ సాల్పీటర్, యాకోవ్ జెల్డోవిచ్ విడివిడిగా ఒకే జవాబు చెప్పారు: భారీ కృష్ణబిలంలోకి పడుతున్న వాయువు. పడుతూ పడుతూ అది వేడెక్కి, తన ద్రవ్యరాశిలో దాదాపు పదో వంతును వెలుగుగా వదిలేస్తుంది.

చిక్కంతా ఆ వెలుగుతోనే. కాంతికి నెట్టే గుణం ఉంది. కృష్ణబిలం ఆబగా మింగేకొద్దీ వెలుగు పెరిగి, రాబోయే వాయువును వెనక్కి తోసేస్తుంది. ఈ హద్దుకు బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ పేరు మీద ఎడింగ్టన్ పరిమితి అంటారు. నక్షత్రాలు తమ బరువుకే కుప్పకూలి ఇలాంటి బిలాలవుతాయంటే ఒప్పుకోక, 1935లో లండన్ సభలో యువ భారతీయ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ను ఎగతాళి చేసిన ఎడింగ్టనే ఈయన. తాను నమ్మని వస్తువు తిండికి కొలత ఆయన పేరునే ఉండటం విచిత్రం.

ఆ పరిమితిలో తింటే కృష్ణబిలం బరువు సుమారు 3.5 కోట్ల ఏళ్లకోసారి రెట్టింపవుతుంది. అచ్చంగా చక్రవడ్డీ. 3సి 273 లాంటి చుక్కలను క్వేజార్లు అంటారు. 2017లో దొరికిన ఒక క్వేజార్‌లోని కృష్ణబిలం 80 కోట్ల సూర్యుళ్ల బరువుంది. విశ్వం పుట్టిన మహావిస్ఫోటం తర్వాత 69 కోట్ల ఏళ్లకే అది అంతయింది. చనిపోయిన నక్షత్రం మిగిల్చిన 100 సూర్యుళ్ల బిలంతో ఖాతా మొదలైందనుకుందాం. 23 సార్లు రెట్టింపు కావాలి. అంటే 80 కోట్ల ఏళ్లు, అదీ ఒక్క పూట పస్తు లేకుండా తింటే. పైగా మొదటి నక్షత్రాలు పుట్టడానికే 10 కోట్ల ఏళ్లు పట్టి ఉంటాయి. పద్దు కుదరదు. 2021లో మరొకటి బయటపడింది: 67 కోట్ల ఏళ్ల విశ్వంలో 160 కోట్ల సూర్యుళ్ల బరువు!

వడ్డీరేటు పెంచాలని ఒక వర్గం అంటుంది. వాయువు దట్టంగా చుట్టుముడితే వెలుగు అందులోనే చిక్కుకుపోయి, పరిమితికి మించి మింగడం కుదురుతుందని వారి వాదన. వడ్డీరేటు కాదు, మొదట పెట్టిన అసలు మొత్తమే పెద్దదని రెండో వర్గం మాట. కోయంబత్తూరులో పుట్టిన ప్రియంవద నటరాజన్, జుసెప్పె లొదాతోతో కలిసి 2006లో ఈ దారినే లెక్కగట్టారు. పక్క గెలాక్సీ అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ అణువులను విడగొడితే వాయుమేఘం చల్లబడదు, ముక్కలై నక్షత్రాలుగా మారదు. మొత్తంగా కూలిపోయి ఒకేసారి లక్ష సూర్యుళ్ల బిలం పుడుతుంది. లక్షతో మొదలైతే 13 రెట్టింపులు, 45 కోట్ల ఏళ్లు చాలు. నాకు ఈ దారి మీదే మొగ్గు, కారణం యూహెచ్‌జెడ్1.

2023లో ప్రకటించిన ఈ గెలాక్సీ మహావిస్ఫోటం తర్వాత 47 కోట్ల ఏళ్ల నాటిది. దాన్ని జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు పట్టుకుంటే, అందులోని కృష్ణబిలం ఎక్స్ కిరణాలను పట్టింది చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర అబ్జర్వేటరీ. మన చుట్టుపక్కల గెలాక్సీల్లో కృష్ణబిలం బరువు నక్షత్రాల బరువులో వెయ్యో వంతు ఉంటుంది. ఇక్కడ రెండూ ఇంచుమించు సమానం. నక్షత్రాల కంటే ముందే పెద్ద బిలం పుట్టిందంటే తప్ప దీన్ని సర్దిచెప్పడం కష్టం.

అయినా వెబ్ కొత్త చిక్కు తెచ్చింది. తొలి విశ్వంలో వందలకొద్దీ చిన్న ఎర్రచుక్కలు కనిపించాయి. బిలం ఎంత బరువైతే చుట్టూ వాయువు అంత వేగంగా తిరిగి వర్ణపటంలో గీతలు అంత వెడల్పవుతాయి కాబట్టి, వాటి గీతల వెడల్పును బట్టి లోపల భారీ కృష్ణబిలాలున్నాయని మొదట లెక్కగట్టారు. దట్టమైన వాయువులో ఎలక్ట్రాన్లు కాంతిని చెదరగొట్టినా గీతలు వెడల్పవుతాయని, అసలు బరువులు చాలా తక్కువని ఇప్పుడు కొందరంటున్నారు. దాంతో అసలు, వడ్డీల సంగతి అటుంచి ఆ చుక్కల బరువులే మళ్లీ తూస్తున్నారు.