కప్పు అమ్ముకున్న చర్చి

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

ఫోటోలో ఆ పెద్ద గోడల మధ్య నిలబడి ఏం చూస్తున్నావు తాతయ్యా అని అడిగారు కదా. ఆకాశాన్ని! ఆ చర్చికి పైకప్పు లేదు.

దాని పేరు సాన్ గల్గానో. ఇటలీలో సియెనా నగరానికి నైరుతి దిక్కున, పొలాల మధ్య ఉంది. సిస్టర్సియన్లు అనే కేథలిక్ సన్యాసులు ఎనిమిది వందల ఏళ్ల కిందట కట్టడం మొదలుపెట్టారు. వాళ్లు లెక్కల్లో ఎంత నమ్మకస్తులంటే, సియెనా నగరం తన ఖజానా బాధ్యత వాళ్ల చేతికిచ్చింది.

ఒకసారి నమస్కారం పెట్టి, అరచేతుల మధ్య కాస్త ఖాళీ ఉంచండి. పైన వేళ్ల కొసలు కలుస్తాయే, అక్కడి స్తంభాల మధ్య ఆర్చీలు ఆ ఆకారమే. గుండ్రటి ఆర్చి తన మీది బరువును పక్కలకు బాగా తోస్తుంది. దాన్ని ఆపాలంటే గోడ చాలా మందంగా ఉండాలి. మొన ఉన్న ఆర్చి ఆ తోపుడు తగ్గించి, బరువులో ఎక్కువ భాగాన్ని స్తంభాల మీదుగా నేలకు దించుతుంది. అందుకే కప్పు పోయినా ఆ ఆర్చీలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక స్తంభం మీద చెయ్యి వేశాను, ఎండకు వెచ్చగా ఉంది. కాళ్ల కింద మాత్రం వట్టి మట్టి.

1348లో ప్లేగు వచ్చింది. తర్వాత కిరాయి సైనికులు దోచుకున్నారు. అయినా చర్చిని చంపింది వాళ్లు కాదు. 1550 ప్రాంతంలో, మఠం ఆదాయం అనుభవించే ఒక అధిపతి కప్పు మీది సీసపు రేకులు ఊడదీయించి అమ్ముకున్నాడు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండిపోతుంది. మన పెంకుటింట్లో ఒక్క పెంకు జారితేనే వాసం పుచ్చిపోయింది, గుర్తుందా? అక్కడ వాన రెండు వందల ఏళ్లకు పైగా రాళ్ల మధ్య సున్నంలోకి దిగింది. 1786లో గంట గోపురం కూలి, మిగిలిన కప్పును కూడా పడగొట్టింది. 1789 నుంచి అది చర్చిగానే లేదు.

పక్కనే చిన్న గుట్ట మీద దానికంటే పాతదైన గుండ్రటి ప్రార్థనా మందిరం ఉంది. రాతిలో దిగిన కత్తి ఒకటి అక్కడుంది, దాని కథ వచ్చాక చెబుతాను. లోపల నిలబడి తలెత్తితే గుమ్మటం నిండా ఎరుపు, తెలుపు వలయాలు, ఒకదానిలో ఒకటి. ఒక్క చుక్క నీళ్లు కారిన మరక కూడా నా కంటికి కనబడలేదు.

మీ తాతయ్య