లాక్‌డౌన్ రోజుల్లో అరుగుల మీద వాదించుకున్న మాటలు: అపోహలు, వాస్తవాలు

నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పటి నుంచి మా పనంతా ఇంటింటి సర్వే, బయటి నుంచి వచ్చినవాళ్ళ లిస్టులు, పాజిటివ్ వచ్చిన మనిషి ఎవరెవరిని కలిశాడో రాసుకోవడం. ఆ పని చేస్తూ విన్న వాదనలు ఇన్నీ అన్నీ కావు. టీ కొట్టు దగ్గర, రేషన్ క్యూలో, ఇంటి అరుగు మీద జనం తమలో తాము వాదించుకున్నారు, మాతోనూ వాదించారు. ఇప్పటికీ టీవీలో ఏ కొత్త జ్వరం పేరు వినపడినా అవే మాటలు మళ్ళీ లేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ మాటల్లో చాలావాటికి మూలం ఒక్కటే. రిస్క్ అనగానే ఎవరికి వాళ్ళు "నాకేమవుతుంది" అని చూసుకుని అక్కడితో ఆగిపోతారు. అంటువ్యాధిలో ఇంకో రెండు లెక్కలు కూడా చూసుకోవాలి. నా వల్ల ఇంకొకరికి ఏమవుతుంది? దాన్ని ఆపాలంటే అయ్యే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

అపోహ: "అది చైనా జబ్బు, ఇటలీ జబ్బు. మన పల్లెలకెందుకొస్తాది?"

రాష్ట్రంలో మొట్టమొదటి కేసు మన నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి 2020 మార్చి 12న పాజిటివ్ అని తేలింది. అప్పుడు కూడా "విమానాలెక్కేవాళ్ళకు కదా, మనకేంలే" అన్నవాళ్ళే ఎక్కువ. మే నెలలో కోయంబేడు సంగతి తెలిశాక ఆ మాట తగ్గింది. చెన్నైలోని ఆ కూరగాయల మార్కెట్‌లో జబ్బు బాగా పాకి, మే 5న మార్కెట్ మూసేశారు. అప్పటికే లోడు తోలిన డ్రైవర్లు, హమాలీలు, వ్యాపారులు ఎవరి ఇళ్ళకు వాళ్ళు చేరిపోయారు. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న సూళ్ళూరుపేట వైపు కేసులు అట్లా పెరిగినవే. ఆ తర్వాత మేము "ఫారిన్ నుంచి ఎవరైనా వచ్చారా" అని అడగడంతో ఆగలేదు. "ఈ రెండు వారాల్లో లోడు వేసుకుని ఎవరైనా ఊరు దాటారా" అని కూడా అడగడం మొదలుపెట్టాం.

అపోహ: "రోడ్డు మీద యాక్సిడెంట్లలో పోయేవాళ్ళే ఇంతకంటే ఎక్కువ"

ఈ మాట నాతో అన్నది రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన. "అమ్మా, నేను జీవితమంతా బస్సు తోలాను. రోడ్డు మీద పోయినవాళ్ళను కళ్ళారా చూశాను. దేశం మొత్తం మీద ఈ జబ్బుకు పది మంది పోతే కొట్లన్నీ మూయమంటారా?" అన్నాడు. అంకెలు ఆయన చెప్పినట్టే ఉన్నాయి. లాక్‌డౌన్ ప్రకటించిన రోజుకి దేశంలో కేసులు దాదాపు 500, మరణాలు పది దాకా. 2019లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు లక్షన్నర మంది.

ఆయన అరుగు మీద మనవరాలు వామనగుంటలు ఆడుకుంటున్న చింతగింజలున్నాయి. పిల్లనడిగి తీసుకుని ఒక గింజ పెట్టాను. కింది వరుసలో రెండు, దాని కింద నాలుగు, తర్వాత ఎనిమిది. ఒక్కొక్కరు ఇద్దరికి అంటిస్తే వరుసకీ వరుసకీ మధ్య ఐదారు రోజులు. ఏడో వరుసకు 64 గింజలు కావాలి, పిల్ల దగ్గర అన్ని లేవు. పదకొండో వరుసకు 1024. అంటే రెండు నెలల్లోపే. రోడ్డు మీద ఒక ప్రమాదం జరిగితే దాని వల్ల వచ్చే వారం ఇంకో రెండు ప్రమాదాలు పుట్టవు. ఈ ఏడాది లెక్క ఎంతో వచ్చే ఏడాది కూడా దాదాపు అంతే ఉంటుంది. అంటువ్యాధిలో ఇవాళ్టి అంకె చూసి రేపటిది చెప్పలేం. అది ఎంత వేగంగా రెట్టింపవుతోందో చూడాలి. మార్చి 24న 500 ఉన్న కేసులు, దేశమంతా మూసి ఉండగానే, ఏప్రిల్ 14కి పదివేలు దాటాయి.

ఆయన ఊరికే ఒప్పుకోలేదు. "అందరూ సరిగ్గా ఇద్దరికే అంటిస్తారని ఏముందమ్మా?" అన్నాడు. ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న. నిజంగానే అట్లా జరగదు. జబ్బు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎవరికీ అంటించరు. కొద్దిమంది మాత్రం ఒకే పెళ్ళిలో, ఒకే దినం భోజనాల దగ్గర, గాలి ఆడని ఒకే హాల్లో పదుల మందికి అంటిస్తారు. అందుకే ముందు ఆపాల్సింది జనం గుమిగూడే చోట్లు. పొలంలో దూరం దూరంగా పనిచేసే నలుగురి కంటే కల్యాణ మండపంలో నాలుగు వందల మంది ఎన్నో రెట్లు ప్రమాదం. ఈ తేడాను మొదటి రోజు నుంచీ జనానికి విడమరిచి చెప్పి ఉంటే సగం గొడవలు ఉండేవి కావని నా నమ్మకం.

అపోహ: "నూటికి ఇద్దరే పోతారు. మిగతా 98 మంది లేచి తిరుగుతారు కదా"

ముందు ఆ నూరు మంది ఎవరో చూడాలి. మొదటి వారాల్లో టెస్టులు చేసింది ముఖ్యంగా విదేశాల నుంచి వచ్చినవాళ్ళకు, వాళ్ళను కలిసినవాళ్ళకు, ఆయాసంతో ఆస్పత్రిలో చేరినవాళ్ళకు. ఏ లక్షణమూ లేకుండా తిరిగినవాళ్ళు ఆ లెక్కలో లేరు, కాబట్టి మరణాల శాతం ఎక్కువగా కనపడింది. టెస్టు లేకుండా ఇంట్లోనే పోయినవాళ్ళు కూడా లేరు, కాబట్టి ఇంకోవైపు తక్కువగానూ కనపడింది. భయపెట్టాలనుకున్నవాళ్ళు ఒకటి పట్టుకున్నారు, కొట్టిపారేయాలనుకున్నవాళ్ళు ఇంకోటి పట్టుకున్నారు.

తర్వాత రక్తంలో యాంటీబాడీలు చూసి ఎంతమందికి జబ్బు సోకిందో తేల్చే సర్వేలు వచ్చాక, సోకినవాళ్ళందరి మీద లెక్కేస్తే మరణాలు నూటికి ఒకటి కంటే తక్కువని తేలింది. అది అన్ని వయసులూ కలిపిన సగటు. ఇరవైల్లో ఉన్న ఆరోగ్యవంతులకు వెయ్యికి ఒకరు కూడా కాదు. డెబ్బై దాటినవాళ్ళలో నూటికి కొందరు. షుగరు, కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. మన ఇళ్ళలో 22 ఏళ్ళ కుర్రాడు, 75 ఏళ్ళ అవ్వ ఒకే గదిలో పడుకుంటారు. కుర్రాడు తన వయసును చూసుకుని ధైర్యంగా తిరిగి వస్తే ఆ ధైర్యం అవ్వకు పనిచేయదు.

పైగా ఆ శాతం మారుతూ ఉంటుంది. ఆక్సిజన్ అందితే బతికే మనిషి, అందకపోతే బతకడు. అందరూ ఒకే రెండు వారాల్లో జబ్బు పడితే ఏమవుతుందో 2021 ఏప్రిల్, మే నెలల్లో మనందరం చూశాం.

అపోహ: "మన ఎండలకు ఏ వైరసూ బతకదు"

2020లో రోహిణి కార్తెలోనూ కేసులు పెరిగాయి. రెండో వేవ్ వచ్చిందే మండుటెండల్లో. మనిషి ఒళ్ళు ఎండాకాలంలోనూ 37 డిగ్రీలే, వైరస్ ఉండేది అక్కడ.

చికెన్ తింటే వస్తుందన్నది కూడా ఇట్లాంటిదే. కోళ్ళ ద్వారా ఈ జబ్బు మనుషులకు రాలేదు. ఆ పుకారుకు కోళ్ళ ఫారాల వాళ్ళు మాత్రం మునిగిపోయారు.

అపోహ: "21 రోజులు తలుపులేసుకుంటే వైరస్ చచ్చిపోద్ది"

చాలామంది మనస్ఫూర్తిగా నమ్మారు. అందుకే ఏప్రిల్ 14 తర్వాత మే 3 అని, తర్వాత 17 అని, తర్వాత 31 అని పొడిగిస్తుంటే మోసపోయామనుకున్నారు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు కనపడడానికి సగటున ఐదారు రోజులు, కొందరికి 14 రోజుల దాకా పడుతుంది. ఇంట్లో ఒకరి నుంచి ఇంకొకరికి, వాళ్ళ నుంచి మరొకరికి అంటుకుంటూ పోతే 21 రోజులు ఇట్టే దాటిపోతాయి. పైగా పాలవాళ్ళు, పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు, మేము తిరుగుతూనే ఉన్నాం.

లాక్‌డౌన్ వల్ల దొరికేది గడువు. 2020 జనవరిలో దేశం మొత్తానికి ఈ టెస్టు చేసే ల్యాబ్ పుణెలో ఒక్కటే. జూన్ నెలాఖరుకు వెయ్యి దాటాయి. మొదట్లో మన దేశంలో ఆస్పత్రి సిబ్బంది ఒళ్ళంతా కప్పుకునే పీపీఈ కిట్ల తయారీ దాదాపు లేదు, మే నాటికి రోజుకు లక్షల్లో తయారయ్యాయి. మాస్కు సంగతీ అంతే. బట్టతో కుట్టుకున్నదైనా సరే కట్టుకోమని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ మొదట్లో చెప్పింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ, జబ్బు పాకిన ప్రాంతాల్లో దూరం పాటించలేని చోట్ల జనం కూడా వాడాలని జూన్‌లో చెప్పింది. "రోజుకో మాట" అని విసుక్కున్నారు కానీ, కొత్త జబ్బు గురించి తెలిసేకొద్దీ సలహా మారడం సహజం. కాబట్టి లాక్‌డౌన్ పనిచేసిందా లేదా అన్నది కేసులు సున్నా అయ్యాయా అని చూసి తేల్చకూడదు. దొరికిన గడువులో బెడ్లు, టెస్టులు, ఆక్సిజన్ ఎన్ని సమకూర్చుకున్నామన్నది చూడాలి.

అపోహ: "లాక్‌డౌన్ వద్దనేవాళ్ళు మూర్ఖులు" / "కావాలనేవాళ్ళు కడుపు నిండినవాళ్ళు"

వాదన అంతా చివరికి ఇక్కడికే వచ్చేది. ఒక బేల్దారి మేస్త్రి భార్య నన్ను గుమ్మంలో నిలబెట్టి అడిగింది: "మీకేం మేడమ్. ఒకటో తారీఖుకు జీతం పడతాది. ఇంట్లో ఉండమని చెప్తారు, పొయ్యి మీద ఎసరెట్టా పెట్టాలో చెప్పరు." లోపల పొయ్యి పక్కన బియ్యం డబ్బా మూత తీసే ఉంది, అడుగు కనపడుతోంది. ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటించి అర్ధరాత్రి నుంచి అమలు చేశారు. గుంపులు తగ్గించడం అవసరమేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆ నాలుగు గంటల గడువు తప్పు. మార్చి నెలాఖరంటే పెన్నా డెల్టాలో వరి కోతల కాలం. వ్యవసాయ పనులకు మినహాయింపు 27న గానీ రాలేదు. లారీ కదలకపోతే గూడూరు, పొదలకూరు నిమ్మ రైతుకు కోత కూలి కూడా గిట్టదు. ఏప్రిల్ 4న గ్రామ వాలంటీర్లు రేషన్ కార్డుదారుల ఇళ్ళకు వెయ్యి రూపాయలు తెచ్చిచ్చారు, ఉచిత బియ్యం వచ్చింది. అవి చాలా ఇళ్ళను నిలబెట్టాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసే ఒడిశా, బీహార్ కూలీలకు ఇక్కడ కార్డే లేదు. మే నెల ఎండలో చెన్నై నుంచి హైవే వెంట వాళ్ళలాంటివాళ్ళే నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా నడిచిపోయారు. తెగిన చెప్పును సుతిలితో పాదానికి కట్టుకుని, చంకలో బిడ్డతో నడుస్తున్న మనిషికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతిలో పెట్టి పంపడం తప్ప ఆరోగ్య కార్యకర్తలుగా మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఇక ఆరోగ్యం వైపు నష్టం. దేశంలో 2019లో నమోదైన టీబీ రోగులు సుమారు 24 లక్షలు, 2020లో 18 లక్షలు. జబ్బు తగ్గి కాదు, దగ్గుతో ఉన్నవాళ్ళు ఆస్పత్రికి రాలేక. కనిగిరి వైపు నుంచి డయాలసిస్‌కు ఒంగోలు పోవాల్సిన మనిషికి బస్సు లేకపోతే కరోనా కంటే ముందు అదే ప్రాణాంతకం. 2020 జులై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో కంటైన్‌మెంట్ (కేసులున్న ప్రాంతాన్ని కట్టడి చేయడం) వల్ల మద్యం షాపులు మూసి ఉన్న రోజుల్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మద్యం ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు తట్టుకోలేని మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళను ముందే గుర్తించి ఆస్పత్రికి చేర్చే ఏర్పాటు ఉండాలి.

ఇవన్నీ చెప్పినంత మాత్రాన లాక్‌డౌన్ అక్కర్లేదని తేలదు. ఒకరి ప్రాణం కోసం ఇంకొకరిని పని మానమన్నప్పుడు, ఆ కూలి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అదే నోటితో చెప్పాలి. ఆ మేస్త్రి భార్య మాకు ఎదురు తిరగలేదు. ఆ ఇంటికి రేషన్ అందాక, దగ్గు వచ్చిన మామను టెస్టుకు తీసుకొచ్చింది కూడా ఆమే.

అపోహ: "ఊరి దారికి ముళ్ళకంప అడ్డం వేస్తే జబ్బు రాదు"

కంప వేసిన ఊళ్ళోకి 108 బండి కూడా రాలేదు. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తేవాల్సి వస్తుంది. అంతకంటే పెద్ద చేటు, బయటి నుంచి వచ్చిన బిడ్డను ఇంట్లోవాళ్ళు దాచిపెట్టడం. దాచినవాళ్ళు టెస్టుకు రారు. పాజిటివ్ ఇంటిని వెలివేసిన ఊళ్ళో మాకు సమాచారం అందదు. పాలు, కూరలు గుమ్మం దాకా తెచ్చిపెట్టిన ఊళ్ళో జ్వరం వచ్చిన రోజే ఫోన్ వస్తుంది.

వీధుల్లో ట్రాక్టర్లతో మందు చల్లడం కూడా చూసేవాళ్ళకు ధైర్యమే గానీ పెద్దగా ఉపయోగం లేదు. జబ్బు ఎక్కువగా అంటేది ఎదుటి మనిషి ఊపిరి నుంచి. మనుషుల మీద చల్లితే కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని.

మళ్ళీ ఏదైనా జ్వరం లేచి ఊరు మూయాలన్న మాట వస్తే, ముందు మీ గ్రామ సచివాలయానికి వెళ్ళి నాలుగు లిస్టులున్నాయా అని అడగండి. డయాలసిస్‌కు పోయేవాళ్ళు, టీబీ మందులు వాడేవాళ్ళు. నెలలు నిండుతున్న గర్భిణులు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు. ఊళ్ళో పనికొచ్చి ఉంటున్న, ఇక్కడ కార్డు లేని కూలీలు. మొదటి మూడింటికి వివరాలు మీ ఏఎన్‌ఎమ్ దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర ఉంటాయి. నాలుగోది చాలా ఊళ్ళలో ఎవరి దగ్గరా ఉండదు. దాన్ని మేస్త్రీలనూ, క్వారీల యజమానులనూ అడిగి పంచాయతీయే రాసుకోవాలి.