రాత్రి తొమ్మిదికే నెత్తురెందుకు?

బోదకాలు సర్వే అంటే నల్లగొండ పల్లెల్లో రాత్రి పని. ఊరు అన్నాలు తిని అరుగుల మీదికి చేరాక, ఎనిమిదిన్నర దాటితే గానీ మొదలుకాదు. ఆశా కార్యకర్త టార్చిలైట్ పడుతుంది. ల్యాబ్ టెక్నీషియన్ వేలి కొనను స్పిరిట్ దూదితో తుడిచి, సూదితో పొడిచి, నెత్తుటి చుక్కను గాజు పలక మీద పూస్తాడు. "పొద్దుగాల రారాదు బిడ్డా, ఈ యాళ్ల నెత్తురెందుకు?" అని ముసలమ్మ అడుగుతుంది.

చాలా మంచి ప్రశ్న అది. జవాబు కోసం చైనా దాకా పోవాలి.

పాట్రిక్ మాన్సన్ స్కాట్లాండ్‌లో పుట్టిన డాక్టర్. అమోయ్ రేవులో ఉద్యోగం చేస్తూ ఉబ్బిన కాళ్లకు, వరిబీజాలకు కత్తి పట్టి పట్టి, అసలు ఇది ఎలా వస్తోందన్న పట్టుదలలో పడ్డాడు. 1877లో, రక్తంలో బోదకాలు తెచ్చే ఫైలేరియా పిల్ల పురుగులున్న తన తోటమాలిని దోమలతో కుట్టించి, ఆ దోమల్ని కోసి మైక్రోస్కోపులో చూశాడు. పురుగులు దోమ కడుపు దాటి కండరాల్లో పెరుగుతున్నాయి! మరో సంగతీ బయటపడింది. అదే మనిషి నెత్తుటిలో పగలు పురుగు దాదాపు కనబడదు, రాత్రి గుంపులుగా ఉంటుంది. పగలంతా ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో దాగి, ఈ పురుగును మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి చర్మం దగ్గరికి వస్తుంది. అందుకే పగటి పరీక్షకి పురుగు చిక్కదు.

మాన్సన్ ఒకచోట పొరబడ్డాడు. దోమ నీళ్లలో పడి చస్తే, ఆ నీళ్లు తాగినవాళ్లకి జబ్బు వస్తుందనుకున్నాడు. కుట్టడం వల్లే వస్తుందని 1900లో ఆయన దగ్గరే పనిచేసిన జార్జ్ కార్మైకేల్ లో (Low) అనే డాక్టర్ చూపించాడు. శిష్యుల విషయంలో మాన్సన్ అదృష్టవంతుడు. ఆయన ఉత్తరాలతో దారి చూపిన రోనాల్డ్ రాస్, నల్లగొండకి వంద కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టాడు. 1899లో లండన్‌లో ఉష్ణదేశాల జబ్బుల కోసం మాన్సన్ ఒక వైద్య పాఠశాల పెట్టించాడు.

మందు మాత్రం మనవాడి బృందం నుంచి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనలోంచి 1940లలో పుట్టినదే డీఈసీ (డైఈథైల్ కార్బమజైన్) గోలీ. సామూహిక పంపిణీలో పెద్దవాళ్లకి మూడు గోలీలు, వాటితోపాటు నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఒకటి, ఏమన్నా తిన్నాకే ఇస్తారు. పెద్ద పురుగులు ఆరేడేళ్లు బతుకుతాయి కాబట్టి ఏటేటా మింగాలి. గోలీ మింగితే జ్వరం, తలనొప్పి వస్తాయని కొందరు దాన్ని మూటకట్టి గూట్లో పెట్టేస్తారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. ఆ జ్వరం ఎక్కువగా ఒంట్లో పురుగులున్నవాళ్లకే వస్తుంది, అవి చస్తున్నందుకు. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఇంటి గడప దగ్గర ఈ మాట చెప్పి, గోలీ మింగేదాకా అక్కడే నిలబడే ఆశా కార్యకర్త నా లెక్కలో మాన్సన్ పనినే ముందుకు నడుపుతోంది.

కాలు ఇప్పటికే ఉబ్బినవాళ్లకి గోలీ ఒక్కటే చాలదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్ది, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. అలా చేస్తే చీము, జ్వరం మళ్లీ మళ్లీ రావడం తగ్గుతుంది, ఆ మనిషి తిరిగి కూలికి పోగలుగుతాడు.