ఆవపిండికి బోల్డు అక్షరాలు, ఫెటా చీజ్‌ పేరుకు కాపలా: యూరప్ ఆహార చట్టంపై అపోహలు - వాస్తవాలు

జర్మనీలో ఆహార దిగుమతిదారులకు లేబుళ్లు సరిచూసి పెట్టడం నా పని. పొద్దున్నే ఫోన్‌కి ఏదో పచ్చడి సీసా ఫొటో వస్తుంది, "అన్నా, ఇది నడుస్తుందా?" అని. చాలాసార్లు నడవదు. ఎందుకో చెప్పబోతే అవతలి నుంచి ఎప్పుడూ ఇవే మాటలు.

అపోహ: ఇండియా లేబుల్ ఉంది కదా, దాని మీద జర్మన్ స్టిక్కర్ వేస్తే అయిపోతుంది

స్టిక్కర్ వేయడం తప్పు కాదు. దాని మీద ఏం రాశామన్నదే అసలు పేచీ. మొన్న వచ్చిన ఆవకాయ సీసానే చూడండి. "ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్" అని ఉంది. యూరోపియన్ యూనియన్ 2011 నాటి 1169 నంబరు రెగ్యులేషన్ ప్రకారం అది ఏ నూనో చెప్పి తీరాలి. "పర్మిటెడ్ క్లాస్ 2 ప్రిజర్వేటివ్" అంటే ఇక్కడ కుదరదు, ప్రిజర్వేటివ్ అని రాసి పక్కన దాని పేరో, ఈ-నంబరో (ఆహారంలో కలిపే పదార్థానికి యూరప్ ఇచ్చే నంబరు) ఇవ్వాలి. సోడియం 100 గ్రాములకు 4,000 మిల్లీగ్రాములని వేశారు. ఇక్కడ అడిగేది సోడియం కాదు, ఉప్పు. 2.5తో గుణిస్తే 10 గ్రాములు. (ఆ లెక్క చూశాక మా ఆవిడ వారం రోజులు నాకు ఆవకాయ వడ్డించలేదు.)

ఏం నూనె అని ఫోన్ చేసి అడిగితే, నువ్వుల నూనె అన్నారు. అదీ అసలు చిక్కు. తప్పనిసరిగా చూపాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో నువ్వులున్నాయి, వేరుశనగలున్నాయి, ఆవాలూ ఉన్నాయి. ఆవాలు పడకపోవడమేంటని మనవాళ్లు నవ్వుతారు గానీ, పడనివాళ్లకు అది ప్రాణం మీదకొచ్చే సంగతి. పదార్థాల వరుసలోనే ఆ మాట కొట్టొచ్చినట్టు కనిపించాలి: బోల్డు (మందపాటి) అక్షరాల్లోనో, వేరే రంగు మీదనో. అక్షరాల సైజుకూ లెక్కుంది. ఇంగ్లిష్ చిన్న 'ఎక్స్' ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు ఉండాలి, మరీ చిన్న ప్యాకెట్లకు 0.9. నా టేబుల్ మీద స్కేలున్న భూతద్దం ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇంత చెప్పే నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ప్రింటింగ్‌లో ఫాంట్ మారి 'సెన్ఫ్', అంటే ఆవాలు, బోల్డు పోయింది. ప్రూఫ్ చూసి ఓకే అన్నది నేనే. తర్వాత గోడౌన్‌లో ముగ్గురం కూర్చుని రాత్రంతా పాత స్టిక్కర్లు గీకి కొత్తవి అంటించాం. గోళ్లలో జిగురు మూడు రోజులు పోలేదు.

అపోహ: మనకు జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఇక యూరప్‌లోనూ ఆ పేరు మనదే

బందరు లడ్డుకో, ఆత్రేయపురం పూతరేకులకో మన దేశంలో వచ్చిన జీఐ దానంతటది ఇక్కడికి నడిచి రాదు. యూరప్ రిజిస్టర్‌లో చేరడానికి వేరే దారి ఉంది: సరుకు ఎక్కడ, ఎలా తయారవుతుందో రాసిచ్చి, మిగతావాళ్ల అభ్యంతరాలు దాటుకుని రావాలి. డార్జిలింగ్ టీ అలాగే 2011లో చేరింది. బాస్మతికి 2018లో మన దేశం దరఖాస్తు పెడితే పాకిస్తాన్ అడ్డు చెప్పింది.

అపోహ: ఊరి పేరుకే రక్షణ, అదీ 'తరహా' అని చేరిస్తే తప్పించుకోవచ్చు

ఫెటా అనేది ఒక చీజ్ పేరు, ఊరు కాదు. 'ముక్క' అనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. అయినా ఆ పేరు గ్రీసుకే. 1996లో రిజిస్టర్ చేశారు, 1999లో యూరప్ కోర్టు కొట్టేసింది, 2002లో మళ్లీ చేశారు. మేమూ ఏళ్లుగా ఆవుపాలతో చేస్తున్నాం, అది అందరి పేరు అని డెన్మార్క్, జర్మనీ వాదించాయి. 2005లో ఓడిపోయాయి. గొర్రెపాలే ప్రధానం, మేకపాలు 30 శాతం దాటకూడదు. అంతటితో ఆగలేదు. యూరప్ బయటికి పంపే ఆవుపాల చీజ్‌కు ఆ పేరు పెడుతుంటే ఊరుకున్నందుకు 2022లో డెన్మార్క్‌ను కోర్టు మళ్లీ తప్పుబట్టింది.

'ఫెటా తరహా', 'ఫెటా స్టైల్' అన్నా కుదరదు, చట్టంలోనే ఆ దారి మూసేశారు. 'పార్మెజాన్' అన్నా ఇటలీ చీజ్ పార్మిజానో రెజానోనే గుర్తుకొస్తుందని 2008లో కోర్టు తేల్చింది. అందుకే ఇక్కడి షాపుల్లో తెల్లటి ఆవుపాల చీజ్ మీద 'హిర్టెన్‌కేజె', గొల్లల చీజ్, అని ఉంటుంది. నా మటుకు రుచిలో తేడా తెలుస్తుంది గానీ, చట్టం కాపలా కాసేది పేరుకు.

అపోహ: ముద్ర ఉందంటే అంతా ఆ ప్రాంతంలోనే పండి, వండి, తయారైనట్టు

రిజిస్టర్‌లో చేరిన పేరుకు యూరప్ ఇచ్చే ముద్ర ఎరుపు-పసుపుదైతే దాదాపు అంతే. నీలం-పసుపు ముద్రకు ఒక్క దశ అక్కడ జరిగినా చాలు. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ పేరుతో అమ్మే పందిమాంసం, బ్లాక్ ఫారెస్ట్ హ్యామ్‌కు పంది ఆ అడవి దరిదాపుల్లో పెరగక్కర్లేదు.

అపోహ: ఈ-నంబర్లంటే విషం

మన పసుపులోని కర్క్యుమిన్ ఈ100. విటమిన్ సి ఈ300. నంబరుందంటే అనుమతి ఉందని. ఆ అనుమతి వెనక్కీ తీసుకుంటారు: ఈ171, టైటానియం డయాక్సైడ్, 2022లో ఆహారం నుంచి పోయింది.

అపోహ: శాకాహారం కాకపోతే ఎక్కడో ఓ చోట రాసే ఉంటుంది

ఇండియా నుంచి వచ్చిన ప్రతి అమ్మా, నాన్నా ఆకుపచ్చ చుక్క కోసం వెతుకుతారు. ఇక్కడ అది లేదు. 'వెజిటేరియన్' అనే మాటకు యూరప్ ఆహార చట్టంలో నిర్వచనమే రాలేదు. పార్మిజానోను దాని నిబంధనల ప్రకారమే దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే పదార్థం) చేయాలి. పాలు, ఉప్పు, ఎంజైములు, కల్చర్ (పాలను పులియబెట్టే సూక్ష్మజీవులు) మాత్రమే ఉన్న చీజ్‌కు పదార్థాల జాబితా వేయక్కర్లేదని మినహాయింపు ఉంది కాబట్టి ఆ సంగతి ప్యాకెట్ మీద కనిపించకపోవచ్చు. ఎరుపు రంగు కోసం ఈ120 వేశారంటే అది పురుగుల నుంచి తీసింది. చీజ్ మీద 'మిక్రోబియెల్లెస్ లాబ్' అని ఉంటే సూక్ష్మజీవుల రెన్నెట్ వాడారని అర్థం. మా అమ్మ వచ్చినప్పుడు ఆ మాటను కాగితం మీద తెలుగులో రాసి పర్సులో పెట్టిచ్చాను.