సున్నా మీది చుక్కలు

మా అక్క కూతురు ప్రాజెక్టు కోసం ఇరవై రోజుల ఎండ, ఇంట్లో కాలిన కరెంటు యూనిట్లు రాసుకుంది. "మావయ్యా, పై చార్ట్ వేయనా, బార్ వేయనా?" అంది. ఎండ పెరిగితే కరెంటు పెరిగిందా అన్నది తేల్చాలంటే ఆ రెండూ పనికిరావు.

గుండ్రటి పై చార్ట్ వాటాలకు, బార్ పోలికలకు, లైన్ కాలంతో మారేవాటికి. ఇదంతా స్కూల్ పుస్తకంలోనే ఉంది, వదిలేద్దాం. నాకిష్టమైనది స్కాటర్ ప్లాట్. అడ్డంగా ఎండ, నిలువుగా యూనిట్లు, రోజుకో చుక్క. ముగ్గులా ఆ చుక్కల్ని కలపకూడదు, అంతే.

దాని విలువ తెలియాలంటే 1986 జనవరి 27 రాత్రికి వెళ్లాలి. మర్నాడు అమెరికా స్పేస్ షటిల్ (మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్లే నౌక) ఛాలెంజర్ ప్రయోగం. బూస్టర్ రాకెట్ అతుకుల్లోంచి వేడి వాయువులు తన్నుకురాకుండా ఆపేవి ఓ-రింగులనే రబ్బరు చుట్లు. గట్టిపడిన కుక్కర్ గాస్కెట్ పక్కనుంచి ఆవిరి ఎలా వదిలేస్తుందో తెలుసుగా? చలికి ఈ రబ్బరూ అలాగే బిగుసుకుపోతుంది, సందు తెరుచుకున్న క్షణంలో సాగి మూయలేదు. చలి ఎక్కువగా ఉంది, వద్దని ఇంజనీర్లు మొత్తుకున్నారు. అయితే ఆ చర్చలో చూసినవి రింగులు దెబ్బతిన్న ప్రయోగాలు మాత్రమే. అవి ఏడు. 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరా దెబ్బ ఉంది, 24 దగ్గరా ఉంది. ఈ ఏడు చుక్కలే పెట్టి చూస్తే చలికీ దెబ్బకీ సంబంధమే కనపడదు.

ఏ దెబ్బా తగలని ప్రయోగాలకూ చుక్కలు పెట్టాలి, నిలువు గీత మీద సున్నా దగ్గర. తర్వాత విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ ఆ పని చేసింది. సుమారు 19 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటికే దెబ్బ. 17, అంతకన్నా కింద జరిగినవి నాలుగు, నాలుగింటికీ దెబ్బే. సున్నా చుక్కలన్నీ వెచ్చటి వైపే బారులు తీరాయి. ప్రయోగం నాటి ఉదయం అక్కడ సుమారు 2 డిగ్రీలు. అయినా ప్రయోగించారు. 73 సెకన్లలో షటిల్ ముక్కలైంది, అందులోని ఏడుగురూ పోయారు.

పిల్లి ఎదురొస్తే పని చెడుతుందన్న నమ్మకమూ ఇలాంటి సగం గ్రాఫే. చెడిన రోజులే గుర్తుంటాయి. పిల్లి ఎదురొచ్చినా పని జరిగినవి, పిల్లి జాడే లేకున్నా చెడినవి ఎవరు రాసుకున్నారు?

ఇంతా చెప్పి అమ్మాయి గ్రాఫ్ చూస్తే పదహారే చుక్కలున్నాయి. "మిగతా నాలుగూ?"

"అప్పుడు ఊరెళ్లాం మావయ్యా. ఎండ 41, యూనిట్లేమో ఒకటిన్నర. ఫ్రిజ్ ఒక్కటే ఆన్‌లో ఉంది. షేప్ పాడైపోతోందని చెరిపేశా."

వేరే రంగులో పెట్టి, పక్కన 'ఊళ్లో లేం' అని రాయమన్నాను. కాసేపు మొహం ముడుచుకుని, ఆకుపచ్చ స్కెచ్ పెన్ మూత తీసింది.