గృహ హింస కేసుల్లో పిల్లలకు విడిగా కౌన్సెలింగ్: వివాదం మొదలైంది ఎక్కడ?

గృహ హింస కేసు పెట్టిన తల్లితో పాటు ఆమె పిల్లలకు కూడా విడిగా కౌన్సెలింగ్ ఇవ్వాలా అన్న వాదన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మళ్లీ ముందుకు వచ్చింది. ఇచ్చి తీరాలని కౌన్సెలర్లు, ఉపాధ్యాయులు, మహిళా సంఘాల వారు అంటుండగా, ఆలుమగల తగాదాలోకి పిల్లలను లాగడం తగదని రాజీ కుదిర్చే పెద్దలు, కొందరు న్యాయవాదులు అంటున్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం గురించి ఈ ప్రాంత పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు. ఇంట్లో తగిలే దెబ్బల గురించి నలుగురిలో మాట్లాడే ధైర్యాన్ని అది ఆడవాళ్లకు ఇచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు వరుసగా జరిగిపోయాయి. తాగుడు పోతే దెబ్బలూ పోతాయని గట్టిగా నమ్మిన ఆ రోజుల్లో, ఆ దెబ్బలు చూస్తూ పెరిగిన బిడ్డకు ఏం కావాలన్న ప్రశ్న పెద్దగా వినిపించలేదు. అయితే నేటి వివాదానికి అసలు మూలం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహ హింస నిరోధక చట్టంలో ఉంది.

ఆ చట్టం స్త్రీకి ఇచ్చిన బలం చిన్నది కాదు. ఇంట్లో నివసించే హక్కు, రక్షణ ఉత్తర్వు, భరణం, మానసిక వేదనకు పరిహారం అన్నీ ఒకే దరఖాస్తుతో కోరే వీలు కలిగింది. పిల్లల విషయంలో మాత్రం ఆ చట్టం సగం దూరమే నడిచింది. పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ, దత్తత బిడ్డలనూ సవతి బిడ్డలనూ కూడా కలుపుకొని నిర్వచించినా, బాధితురాలు అంటే స్త్రీయే అని మరో ఉపవిభాగంలో రాసింది. ఇరవై ఒకటో సెక్షన్ పిల్లల తాత్కాలిక సంరక్షణ ఎవరికి ఇవ్వాలో చెబుతుంది. హాని కలుగుతుందనిపిస్తే తండ్రి వారిని కలవకుండా ఆపే అధికారం కూడా మేజిస్ట్రేటుకు ఇస్తుంది. కౌన్సెలింగ్ గురించి చెప్పే పద్నాలుగో సెక్షన్‌కు వచ్చేసరికి ఇద్దరే మిగిలారు. బాధితురాలినీ ప్రతివాదినీ విడివిడిగా గానీ కలిపి గానీ కౌన్సెలింగ్‌కు పంపవచ్చనీ, కేసును రెండు నెలలకు మించకుండా వాయిదా వేయాలనీ అందులో ఉంది. బిడ్డ ప్రస్తావన లేదు.

దీని ప్రభావం కాగితాల మీద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే రక్షణాధికారి నింపే గృహ హింస నివేదిక నమూనాలో పిల్లల కోసం కేటాయించిన చోట పేరు, వయసు, ఆడా మగా, ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంటున్నారు అన్న గళ్లు ఉన్నాయి. ఆ బిడ్డ ఏం చూసింది, ఏం విన్నది, రాత్రిళ్లు నిద్రపోతున్నదా, బడికి వెళుతున్నదా అన్నవాటికి అక్కడ చోటు లేదు. కాగితంలో లేని ప్రశ్నను పనిభారంలో ఉన్న ఉద్యోగి తనంతట తాను అడగడం అరుదు. అడగని ప్రశ్నకు జవాబు కేసు కట్టలోకి చేరదు. చేరనిదాన్ని మేజిస్ట్రేటు చూడలేరు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగువులోనే కనిపించడం, గాయపడిన మనుషులుగా కనిపించకపోవడం అక్కడి నుంచే స్థిరపడిపోయింది.

దానికి ముందు నుంచీ ఉన్న ఒక అలవాటు కూడా ఇందులో కలిసింది. 1980లలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు సాయంతో ఏర్పడిన కుటుంబ సలహా కేంద్రాలు కాపురాన్ని నిలబెట్టడమే ప్రధానమనుకున్నాయి. "పిల్లల ముఖం చూసి సర్దుకుపోమ్మా" అన్న మాట మన ఊళ్లలో వినని ఆడకూతురు ఉండదు. గృహ హింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనలు కౌన్సెలింగ్‌లో ప్రతివాది తన హింసను సమర్థించుకోరాదని స్పష్టంగా చెప్పినా, ఆ పాత ధోరణి పూర్తిగా పోలేదు. సర్దుకుపోవడానికి కారణంగా చూపే పిల్లలు ఆ సర్దుబాటు తర్వాత ఏ ఇంట్లో బతకాలో ఎవరూ వారిని అడగరు.

ఇంతలో బయటి ప్రపంచంలో అవగాహన చాలా ముందుకు సాగింది. తల్లి దెబ్బలు తినడం చూస్తూ పెరగడాన్ని, తానే దెబ్బలు తినడంతో పాటు, బాల్యపు ప్రతికూల అనుభవాల జాబితాలో చేర్చిన అమెరికా అధ్యయనం 1998లోనే వెలువడింది. ఇంట్లో హింసను చూసిన, విన్న, దాని ప్రభావానికి లోనైన బిడ్డ కూడా స్వయంగా బాధితుడేనని బ్రిటన్ 2021 చట్టంలో రాసుకుంది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు సైతం, తండ్రి తల్లిని కొట్టిన ఇంట పెరిగిన స్త్రీలు తమ కాపురాల్లోనూ హింసకు గురయ్యే అవకాశం ఎక్కువని చెబుతూనే ఉన్నాయి.

కౌన్సెలర్లు అడుగుతున్నదేమిటో సరిగా వినాలి. పక్క తడిపే ఆరేళ్ల పిల్లను గానీ, ఉన్నట్టుండి తోటివారిని కొట్టడం మొదలుపెట్టిన నాలుగో తరగతి పిల్లవాణ్ని గానీ కూర్చోబెట్టి "నాన్న అమ్మను కొట్టాడా" అని వారు అడగరు. బొమ్మలు గీయించి, ఆడించి, మాట దానంతటదే వచ్చేదాకా ఆగుతారు. జరిగినది నీ తప్పు కాదని చెబుతారు. మళ్లీ గొడవ జరిగితే మధ్యలో నిలబడవద్దనీ, ఏ పక్కింటికి వెళ్లాలో, పిల్లల సహాయ నంబరు 1098కి ఎలా ఫోన్ చేయాలో నేర్పుతారు. పెద్ద పిల్లలతో పని ఇంకా కష్టం, ఎందుకంటే తల్లికి కాపలా కాయడానికి బడి మానేసే అబ్బాయి, ఈ ఇంటి నుంచి బయటపడితే చాలని పదహారేళ్లకే పెళ్లికి తల ఊపే అమ్మాయి ఒకటి రెండు సార్లు మాట్లాడితే తెరుచుకోరు. ఉదయగిరి వైపు పల్లె నుంచి నెల్లూరుకు వారం వారం పిల్లను తీసుకురావడానికి కూలి తల్లికి ఒక పనిదినం పోతుంది.

వ్యతిరేకిస్తున్న వారి భయం ఒకటే: పిల్లల మాటలను సంరక్షణ కేసులో సాక్ష్యంగా వాడుకుంటారని. అది నిరాధారమైన భయం కాకపోయినా, గోప్యత నియమాలు రాసుకోవడానికి అది కారణం కావాలే తప్ప సేవనే ఆపడానికి కాదు.

2015 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సఖి కేంద్రాల పథకం ఈ లోటును కొంత తీర్చవలసింది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, మానసిక మద్దతు ఒకే చోట దొరకడం తల్లులకు నిజంగా మేలు చేసింది. వసతి మాత్రం సాధారణంగా అయిదు రోజులే. తల్లితో పాటు ఆడపిల్లలు ఏ వయసు వారైనా ఉండవచ్చు గానీ, మగపిల్లలకు వయసు పరిమితి ఉంది. ఆ వయసు దాటిన కొడుకు బయట ఉండాలంటే, చాలాసార్లు నాయనమ్మ ఇంటికి, అంటే తండ్రి ఉన్న ఇంటికే తిరిగి వెళ్లవలసి వస్తుంది.

ఇక మిగిలినది సంతకం సమస్య, అంటే బిడ్డ కౌన్సెలింగ్‌కు సమ్మతి ఎవరు తెలపాలన్నది. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని మొదటి సహజ సంరక్షకుడిగా పేర్కొంది. తండ్రి లేని పరిస్థితుల్లో తల్లి కూడా సంరక్షకురాలేనని 1999లో సుప్రీంకోర్టు విశాలంగా అర్థం చెప్పినా, తండ్రి అభ్యంతరం చెప్పగానే కౌన్సెలింగ్ ఆపేసే జంకు కిందిస్థాయిలో ఇంకా ఉంది. తనతో ఉంటున్న వ్యక్తి చేతిలో హింసకు గురైన బిడ్డను రక్షణ అవసరమైన బిడ్డగా 2015 బాల న్యాయ చట్టం గుర్తిస్తుంది కనుక, అలాంటి పిల్లల విషయం చూసే బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవచ్చన్నది కౌన్సెలర్ల వాదన. గృహ హింస చట్టంలోని పదిహేనో సెక్షన్ కింద కుటుంబ సంక్షేమ నిపుణుల సాయం తీసుకునే అధికారం మేజిస్ట్రేటుకు ఇప్పటికే ఉందని కూడా వారు గుర్తుచేస్తున్నారు. ఈ రెండు దారులకూ కొత్త చట్టం అక్కర్లేదు. నివేదిక నింపేటప్పుడే పిల్లల స్థితిపై ఒక అదనపు పేజీ జతచేసి సమితికి, కోర్టుకు పంపడం ఎవరి బాధ్యతో జిల్లా అధికారులు రాతపూర్వకంగా తేల్చవలసి ఉంది.